రేపటిదే ముందు పాతబడింది

1969 జులై 20న మనిషి చంద్రుడి మీద దిగాడు. ఆ రోజుతో కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్‌లో ఒక వినోదం వెలవెలబోయింది. జనాన్ని గుండ్రటి గదిలో కూర్చోబెట్టి, కింద ఒక తెర, పైన ఒక తెర పెట్టి, చంద్రుణ్ని చుట్టి వచ్చినట్టు భ్రమింపజేసే ఆట అది. 1955లో పార్కు తెరిచిన కొత్తలో అదొక పెద్ద వింత. 1967లో దానికి కొత్త హంగులూ అద్దారు. అయినా ఇంట్లో టీవీ ముందు కూర్చుని అసలు చంద్రయాత్రను చూసినవాళ్ల కంటికి ఈ ఉత్తుత్తి ప్రయాణం ఏం ఆనుతుంది? 1975లో దాన్ని అంగారక యాత్రగా మార్చారు, 1992లో మూసేశారు, తర్వాత ఆ భవనంలో పిజ్జా హోటల్ పెట్టారు. చంద్రుడి మీద మనిషి దిగిన సరిగ్గా 20 రోజులకు, అంటే ఆగస్టు 9న, అదే పార్కులో హాంటెడ్ మాన్షన్ అనే దయ్యాల కొంప తలుపులు తెరిచింది. అందులోని అతి పెద్ద కనికట్టు 1862లో లండన్‌లో జనం చూసినదే. పార్కులో పెట్టేనాటికే దాని వయసు నూరేళ్లు దాటింది. జనం దాని ముందు ఇవాళ్టికీ నోరెళ్లబెడుతూనే ఉన్నారు. డిస్నీల్యాండ్ పాతబడిపోయిందా, దాని మాయ ఇంకా మిగిలే ఉందా అన్న వాదన ఎంతకీ తెగకపోవడానికి కారణం, రెండు పక్షాలవాళ్లూ పార్కు మొత్తాన్ని ఒకే ముద్దగా చూడటమేనని నా అభిప్రాయం. పుట్టుకతోనే పాతవి అందులో కొన్ని ఉన్నాయి, కొత్తదనమే ఊపిరిగా పుట్టినవి కొన్ని ఉన్నాయి. కాలం కాటు పడింది ఈ రెండో రకం మీదే.

పార్కు పుట్టుక కథ ఒక రంగులరాట్నం దగ్గర మొదలవుతుంది. లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కులో కూతుళ్లిద్దరూ రాట్నం ఎక్కి తిరుగుతుంటే, తాను బెంచీ మీద ఊరికే కూర్చోవాల్సి వచ్చేదని, పిల్లలూ పెద్దలూ కలిసి ఆడుకునే చోటొకటి ఉండాలన్న ఊహ అక్కడే మొలకెత్తిందని వాల్ట్ డిస్నీ చెప్పేవాడు. 1953లో స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ తరఫున హారిసన్ ప్రైస్ లెక్కలు కట్టి, పార్కుకు తగిన చోటుగా అనహైమ్‌ను చూపించాడు. అక్కడ 160 ఎకరాల నారింజ తోటలు కొన్నారు. ఏబీసీ టీవీ సంస్థ పెట్టుబడి పెట్టి, అప్పులకు పూచీ కూడా పడింది. సుమారు కోటీ 70 లక్షల డాలర్లతో ఏడాదిలో కట్టడం ముగించి 1955 జులై 17న తెరిచారు. ఆ రోజు ఎండకు కొత్తగా పోసిన తారు మెత్తబడి ఆడవాళ్ల చెప్పుల మడమలు దిగబడ్డాయి. ప్లంబర్ల సమ్మె వల్ల తాగునీటి కుళాయిలు చాలలేదు. దొంగ టికెట్లతో కూడా జనం వచ్చారు. అవన్నీ కొన్నాళ్లకు సర్దుకున్నాయి. ఈ కథలో అసలు ముఖ్యమైన మలుపు వేరే ఉంది. నమూనా గీయమని వాల్ట్ ఒక పేరున్న ఆర్కిటెక్టును అడిగితే, ఈ పని నీ సినిమా స్టూడియోలో ఉన్నవాళ్లకే బాగా తెలుసని ఆయన సలహా ఇచ్చాడు. అలా ఈ పార్కు సినిమా కళాదర్శకుల చేతుల్లో పడింది. కంటిని ఎక్కడ నిలపాలో, దేన్ని దాచాలో వాళ్లకు తెలుసు.

వాళ్లు కట్టినదాన్ని కాస్త దగ్గరికి వెళ్లి చూస్తే సంగతి తెలుస్తుంది. పార్కు నడిబొడ్డున ఉన్న కోట ఎత్తు 77 అడుగులే. మన ఊళ్లలో ఏడంతస్తుల అపార్టుమెంటు అంత. కానీ అడుగున పెద్ద రాళ్లు, పైకి పోయేకొద్దీ చిన్న రాళ్లు పేర్చినట్టు కట్టడంతో, శిఖరం ఎక్కడో మబ్బుల్లో ఉన్నట్టు కన్ను పొరబడుతుంది. కోటకు దారితీసే మెయిన్ స్ట్రీట్ అనే వీధిలోని ఇళ్లకూ ఇదే సూత్రం. పై అంతస్తు కింది అంతస్తు కంటే చిన్నది. ఆ కోటకు ప్రేరణ జర్మనీలోని న్యూష్వాన్‌స్టైన్. అదైనా మధ్యయుగాల కోట కాదు. 1869లో బవేరియా రాజు రెండో లుడ్విగ్ తన ఊహల్లోని పాతకాలాన్ని రంగస్థల చిత్రకారుడి చేత బొమ్మ గీయించి మొదలుపెట్టిన కట్టడం. మెయిన్ స్ట్రీట్ మాటకొస్తే, మిస్సోరీ రాష్ట్రంలో వాల్ట్ చిన్నతనం గడిచిన మార్సెలీన్ ఊరి జ్ఞాపకం దానికి మూలం. రంగులరాట్నమేమో 1922 నాటిది, కెనడాలోని టొరంటో నుంచి తెప్పించి బాగుచేసి బిగించారు. అన్నీ ప్రారంభం రోజుకే పాతవి. పాతబడటం అనే గండాన్ని అవి గేటు బయటే దాటుకుని వచ్చాయి.

హాంటెడ్ మాన్షన్‌లోని భోజనశాల దగ్గర ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. జనం కూర్చున్న నల్లటి బళ్లు పైనున్న వసారా వెంట మెల్లగా సాగుతుంటాయి. కింద పెద్ద హాలులో బల్ల చుట్టూ దయ్యాలు కూర్చుని కనిపిస్తాయి, కొన్ని జంటలు గిరగిరా తిరుగుతూ నాట్యం చేస్తుంటాయి, వాటి ఒంట్లోంచి వెనకున్న కుర్చీలు కనబడుతుంటాయి. జనానికీ హాలుకీ మధ్య నిలువెత్తు గాజు పలకలున్నాయి. అసలు బొమ్మలు జనం కంటికి ఆనని చీకటి గదుల్లో ఉంటాయి. వాటి మీద దీపం వెలిగితే నీడ గాజులో పడి హాలు మధ్యలో తేలుతుంది, దీపం ఆరితే దయ్యం మాయం. రాత్రిపూట రైలు కిటికీ అద్దంలో పెట్టెలోని దీపం బయట పొలాల్లో వేలాడుతున్నట్టు కనిపించడం లేదూ, అదే ఇది. ప్రతిబింబంలో కుడి ఎడమలు తారుమారవుతాయి కాబట్టి, ఆ జంటల్లో మగవాణ్ని ఆడమనిషి నడిపిస్తున్నట్టు ఉంటుంది. లండన్‌లో దీన్ని ప్రదర్శించిన జాన్ హెన్రీ పెప్పర్ పేరుతోనే ఈ కిటుకును ఇప్పటికీ పిలుస్తారు. ఇది పాతబడకపోవడానికి కారణం ఉంది. గాజులో పడే ప్రతిబింబానికి కొత్త మోడల్ రాదు. అదే తెర మీద బొమ్మైతే జేబులోని ఫోను తెరతో పోటీపడి ఓడిపోవాల్సిందే. 1987లో వచ్చిన స్టార్ టూర్స్ అనే తెర ఆటకు 2011లో కొత్త బొమ్మ తీయక తప్పలేదు.

ఇక టుమారోల్యాండ్, అంటే పార్కులో రేపటి లోకంగా కట్టిన భాగం. 1955లో దాన్ని 1986 నాటి ప్రపంచంగా ఊహించి కట్టారు. ఆ సంవత్సరం వచ్చింది, పోయింది. 1957లో మోన్‌శాంటో కంపెనీ అక్కడ ప్లాస్టిక్‌తో రేపటి ఇల్లు ఒకటి నిలిపింది. అందులోని మైక్రోవేవ్ పొయ్యిని జనం కళ్లప్పగించి చూశారు. పదేళ్లకే ఆ ఇంటి ముచ్చట తీరిపోయింది. కూల్చబోతే ఇనప గుండు తగిలి వెనక్కి ఎగిరిందట, ఒక్కరోజు పని అనుకున్నది రెండు వారాలు పట్టింది. వస్తువు అంత గట్టిది, ఊహ అంత బలహీనమైనది. జనాన్ని ఎక్కించుకుని పట్టాల మీద తిరిగే పీపుల్‌మూవర్ 1967లో వచ్చి 1995లో ఆగిపోయింది. దాని పట్టాల మీద 1998లో రాకెట్ రాడ్స్ అనే బళ్లు నడిపితే అవీ రెండేళ్లు దాటిన కొద్ది నెలలకే మూలపడ్డాయి. అదే 1998లో టుమారోల్యాండ్‌కు రాగి, ఇత్తడి రంగులు పూసి పాతకాలం వాళ్లు కలగన్న భవిష్యత్తులా మార్చారు. రేపటిని నిన్నటిగా మారిస్తేనే నిలబడుతుందని నిర్వాహకులకే తోచిందన్నమాట. ఆ రంగులూ నప్పలేదు. అక్కడి స్పేస్ మౌంటెన్ అనే ఆట భవనానికి 2005 నాటికి మళ్లీ తెల్లరంగు వేశారు.

ఇదంతా పాత జ్ఞాపకాల మీది మమకారమే తప్ప మాయా లేదు మంత్రమూ లేదని కొందరు అంటారు. ఈ మాట నిలవదు. మెయిన్ స్ట్రీట్ గుర్తుచేసే కాలంలో పెరిగిన మనిషి ఒక్కరు కూడా ఇవాళ భూమ్మీద లేరు. అమెరికాలో ఉన్న పిల్లల్ని చూడటానికి విజయవాడ నుంచో వరంగల్ నుంచో వెళ్లి, మనవలతో పాటు పార్కుకు వెళ్లే తెలుగు తల్లిదండ్రులకు మిస్సోరీ పల్లె జ్ఞాపకమేమిటి? అయినా ఆ వీధి మొదట్లో నిలబడి చివరనున్న కోటను చూడగానే కాళ్లు వాటంతటవే ఆగుతాయి. ఆ పని చేసేది జ్ఞాపకం కాదు, వీధి కట్టిన కొలత. ప్రచారం వల్లే జనం వస్తున్నారనే మాట గేటు వరకు నిజమే కావచ్చు. గేటు దాటాక 1955 నాటి పీటర్ పాన్ ఫ్లైట్ ముందు అంత పొడుగు వరస ఎందుకుంటుంది? ఒకసారికి ఇద్దరు ముగ్గురు మాత్రమే ఎక్కగల చిన్న ఓడలు కాబట్టి వరస పెరుగుతుంది, ఒప్పుకుంటాను. కానీ మూడు నిమిషాలైనా ఉండని ప్రయాణం కోసం పసిపిల్లల్ని చంకనేసుకుని అంతసేపు నిలబడేది మాత్రం, పైకప్పు పట్టాకు వేలాడే ఆ ఓడలో లండన్ దీపాల మీదుగా తేలిపోవడానికే.

నా వాదనకు అసలైన చిక్కు ఇంకోచోట ఉంది. పాతవాటిలోనూ కొన్ని చెడిపోయాయి. పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్ అనే పడవ ఆటలో ఆడవాళ్లను వేలం వేసే దృశ్యాన్ని 2018లో మార్చారు. జంగిల్ క్రూజ్ అనే మరో పడవ ఆటలో ఆదివాసులను వెటకారంగా చూపిన బొమ్మలను 2021లో తీసేశారు. 1946 నాటి సాంగ్ ఆఫ్ ది సౌత్ సినిమా పాత్రలతో కట్టిన నీటి జారుడు ఆట స్ప్లాష్ మౌంటెన్‌ను 2023లో మూసి, మరుసటి ఏడాది నల్లజాతి రాకుమారి టియానా కథతో తెరిచారు. వీటిలో పాతబడింది పడవా కాదు, జారుడు నీళ్లూ కాదు. సాటి మనిషిని చిన్నచూపు చూసిన తీరు. దాన్ని కడిగేస్తే పార్కు ఆత్మ పోయిందని బాధపడేవాళ్లతో నేను ఏకీభవించలేను. పడవ అదే, చీకటి అదే, నీళ్లు జారే ఎత్తూ అదే.

మాయకు నిజంగా గండిపెడుతున్నది వయసు కాదు. 1955లో పెద్దవాళ్లకు గేటు టికెట్ ఒక డాలరు, ఆటలకు విడిగా చెల్లించాలి. ఇవాళ ఒక్కరోజు టికెట్ నూరు డాలర్లు దాటింది, రద్దీ రోజుల్లో రెండు వందలు కూడా. 1999లో వరస తప్పించుకునే ఫాస్ట్‌పాస్ ఉచితంగా వచ్చింది. 2021 నుంచి ఆ సౌకర్యానికి వేరే సొమ్ము, దాన్ని ఫోనులో బుక్ చేసుకోవాలి. శిఖరం దాకా చూపు తీసుకెళ్లాలని కళాదర్శకులు రాయి రాయి లెక్కేసి కట్టిన చోట, తర్వాతి ఆటకు సమయం దొరికిందో లేదోనని అమ్మానాన్నలు తలవంచుకుని తెర చూసుకుంటున్నారు. కుటుంబమంతా కలిసి ఆడుకునే చోటు కావాలని బెంచీ మీద కూర్చున్న తండ్రి కోరుకున్నది ఇది కాదు. సరిదిద్దాల్సింది దీన్ని. దీనికి కొత్త ఆటలతో పని లేదు.

పార్కు చుట్టూ తిరిగే ఆవిరి రైళ్లలో మూడో నంబరు ఇంజను 1894లో తయారైంది. లూసియానా తోటల్లో చెరకు మోసిన ఇంజను అది. ఇప్పుడు దాని బాయిలరు కింద మండేది, రిసార్టు వంటశాలల్లో వేపుళ్లకు వాడగా మిగిలిన నూనెతో చేసిన ఇంధనం. గంట మోగించుకుంటూ అది టుమారోల్యాండ్ స్టేషన్లో ఆగుతుంది, జనం దిగుతారు, జనం ఎక్కుతారు. అదే టుమారోల్యాండ్‌లో, స్తంభాల మీద, పీపుల్‌మూవర్ పట్టాలు ఖాళీగా ఉన్నాయి.