చలనకర్త, సృష్టికర్త

దేవుడను మాట యొకటియే యైనను, దాని యర్థము యుగమునుబట్టి మారును. క్రీస్తుపూర్వము 4వ శతాబ్దినాటి అరిస్టాటిల్ చెప్పిన దేవునికిని, క్రీస్తుశకము 13వ శతాబ్దినాటి థామస్ అక్వినాస్ చెప్పిన దేవునికిని గల యంతరమే యిందుకు నిదర్శనము.

అరిస్టాటిల్ 'మెటాఫిజిక్స్' పండ్రెండవ భాగమున చలనమునకు మూలమును వెదకెను. కదలు ప్రతి వస్తువును మరియొకటి కదల్చుచున్నది. ఆ పరంపర కొక మొదలుండవలెను. ఆ మొదలు తాను కదలదు, ఇతరములను కదల్చును. ఎట్లన, ప్రియమైన వస్తువు నిశ్చలముగ నుండియే ప్రేమించువానిని తనవైపునకు లాగుకొనును గదా! ఈ దేవుడు తన్ను తానే భావించుకొను శుద్ధజ్ఞానము. లోకము అనాది, ఇతడు దానిని సృజింపలేదు. లోక మితనిని కోరును గాని, ఇతడు లోకమును కోరడు.

ఈ గ్రంథములు కొన్ని అరబ్బీ ద్వారమునను, కొన్ని నేరుగ గ్రీకునుండియు లాటినులోనికి వచ్చి క్రైస్తవ పండితులను కలవరపరచినవి. ప్యారిస్‌లో 1210లో అరిస్టాటిల్ ప్రకృతిశాస్త్ర గ్రంథముల బోధన నిషేధింపబడెను. 1255లో అవియే అచటి విశ్వవిద్యాలయమున పాఠ్యగ్రంథము లయ్యెను.

థామస్ 'సుమ్మా థియొలాజియే'లో దైవాస్తిత్వమునకు చూపిన అయిదు మార్గములలో మొదటిది చలనమునుండి పుట్టినదే. యుక్తి గ్రీకులది, కాని యా యుక్తి చేర్చిన గమ్యము వేరు. థామస్ దేవుడు శూన్యమునుండి లోకమును సృజించెను, అనుక్షణము దానిని నిలుపుచున్నాడు, ప్రతి ప్రాణిని ఎరుగును. వస్తువు మంచిదగుటచే దేవుడు ప్రేమించుట కాదు. దేవుని ప్రేమయే వస్తువునందు మంచిని కలిగించును. అరిస్టాటిల్ చూపిన ప్రేమ క్రిందినుండి పైకి పోవును. ఇది పైనుండి క్రిందికి దిగును.

అయినను థామస్ ఒకచోట తర్కమునకు హద్దు గీచెను. లోకమునకు ఆది కలదని ఆయన నమ్మెను. కాని దానిని తర్కముచే నిరూపింపజాలమనియు, అది విశ్వాసముచే మాత్రమే తెలియుననియు వ్రాసెను. తన పక్షమునకు అనుకూలమైన నిరూపణమునైనను, అది చాలనిచో విడిచిపెట్టిన నిజాయితీ యిది. 1277లో ప్యారిస్ బిషప్పు 219 ప్రతిపాదనలను ఖండించినపుడు, వానిలో కొన్ని మూడేండ్ల క్రిందట మరణించిన థామస్ బోధనలకును తగిలినవి. 1323లో ఆయన పునీతుడుగా ప్రకటింపబడెను. 1325లో ఆ ఖండనము ఆయన బోధనల మట్టుకు తొలగింపబడెను.

తెలుగున 'సృష్టికర్త' యను మాట థామస్ దేవునికి చక్కగా పొసగును. అరిస్టాటిల్ దేవునికి పొసగదు. ఇరువురికి నొకే మాట వాడిన అనువాదము, పదునాఱు శతాబ్దుల ఆలోచనను ఒక్క పదమున చెఱిపివేయును.