ప్రాణవాయువు కరవులో గుండె: ఇంధన మార్పిడి చరిత్ర

మనిషి విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా గుండె కండరం తనకు చేరిన రక్తంలోని ప్రాణవాయువులో దాదాపు 70 శాతాన్ని తీసేసుకుంటుంది. కాలి కండరానికి అవసరం పెరిగితే అదే రక్తం నుంచి మరింత తీసుకునే వెసులుబాటు ఉంటుంది గాని, గుండెకు ఆ మిగులు చాలా తక్కువ. అందువల్ల హృదయ ధమనులు పూడుకుపోయి రక్తప్రవాహం పెరగనప్పుడు, లేదా ఎత్తైన పర్వతాలపై రక్తంలోనే ప్రాణవాయువు కొరవడినప్పుడు, ఉన్న కాస్త వాయువుతోనే పని గడిచేలా తన జీవక్రియను మార్చుకోవడం తప్ప దానికి వేరే దారి ఉండదు. ఆ మార్పు తీరుతెన్నులను తెలుసుకోవడానికి వైద్యశాస్త్రానికి వందేళ్లకు పైగా పట్టింది.

1895లో జర్మన్ శరీరధర్మ శాస్త్రవేత్త ఆస్కార్ లాంగెండార్ఫ్, జంతు శరీరం నుంచి వేరుచేసిన గుండెకు బృహద్ధమని గుండా ఎదురు దిశలో రక్తం పంపి, దానిని కొట్టుకుంటూ ఉండేలా చేయడంతో, గుండె ఏమి తీసుకుంటున్నదో, ఏమి విడుస్తున్నదో కొలిచే వీలు కలిగింది. అయితే కండరం సంకోచించడానికి లాక్టిక్ ఆమ్లం పుట్టడమే కారణమన్న భావన ఆ తరువాత చాలాకాలం రాజ్యమేలింది.

దానిని కదిలించిన పరిశోధనల్లో భీమవరంలో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు కృషి ముఖ్యమైనది. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించారు. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుగొన్నారు. ఏటీపీ కణం నేరుగా ఖర్చుపెట్టే శక్తి పదార్థం కాగా, ఫాస్ఫోక్రియాటిన్ దానిని వెనువెంటనే భర్తీచేసే నిల్వ. 1930లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఐనార్ లుండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా అడ్డుకున్నా కండరం కొంతసేపు సంకోచిస్తుందనీ, అప్పుడు తరిగేది ఫాస్ఫోక్రియాటినేననీ చూపడంతో పాత సిద్ధాంతం కూలిపోయింది. తెలుగువారు సుబ్బారావును ఎక్కువగా మందుల సృష్టికర్తగానే తలుచుకుంటారు గాని, గుండె శక్తి శాస్త్రం ఈనాటికీ ఆయన గుర్తించిన ఈ రెండు పదార్థాల నిష్పత్తినే కొలమానంగా వాడుతున్నదన్నది అంతకు తక్కువైన ఘనత కాదు.

1940లలో రిచర్డ్ బింగ్, కాథెటర్ అనే సన్నని గొట్టాన్ని గుండె నుంచి మలిన రక్తం బయటికి వచ్చే సిర దాకా పంపి, బతికున్న మనిషి గుండె ఏ ఇంధనాన్ని వాడుతున్నదో కొలవడం మొదలుపెట్టారు. సాధారణ స్థితిలో గుండెకు ప్రధాన ఇంధనం గ్లూకోజు కాదు, కొవ్వు ఆమ్లాలేనని ఇలాంటి కొలతలు తేల్చాయి. 1963లో ఫిలిప్ రాండిల్ బృందం ఈ రెండు ఇంధనాలు ఒకదానినొకటి అణచిపెడతాయని చూపింది. ఇక్కడ లెక్క కాస్త దగ్గరగా చూడదగినది. పామిటిక్ ఆమ్లమనే కొవ్వు ఆమ్లపు అణువు ఒకటి పూర్తిగా దహనం కావడానికి 23 ఆక్సిజన్ అణువులు కావాలి, దానివల్ల సుమారు 106 ఏటీపీలు వస్తాయి; గ్లూకోజుకు 6 ఆక్సిజన్ అణువులు చాలు, వచ్చేవి 30 నుంచి 32. అంటే ఒక్కో ఆక్సిజన్ అణువుకు కొవ్వు 4.6 ఏటీపీలిస్తే, గ్లూకోజు 5 లేదా అంతకు కాస్త పైగా ఇస్తుంది. వాయువు సమృద్ధిగా ఉన్నప్పుడు పట్టించుకోనక్కరలేని ఈ తేడా, కరవులో ప్రాణాధారమవుతుంది. ప్రాణవాయువు బొత్తిగా లేకపోతే మాత్రం గ్లూకోజు అణువుకు దక్కేవి రెండే ఏటీపీలు. వాటితో గుండె ఎక్కువసేపు నెట్టుకురాలేదు.

ఇంధనం మార్చుకోవడం ఒక ఉపాయమైతే, ఖర్చు తగ్గించుకోవడం రెండోది. 1986లో మరీ, జెన్నింగ్స్, రైమర్ అనే పరిశోధకులు కుక్కల హృదయ ధమనిని నాలుగుసార్లు ఐదేసి నిమిషాలు మూసి తెరిచి, ఆ తరువాత 40 నిమిషాలు మూసి ఉంచితే, ముందు అలా చేయని గుండెలతో పోలిస్తే చనిపోయిన కండర భాగం నాలుగో వంతుకు పడిపోయింది; చిన్న కరవులను ముందే చవిచూసిన గుండె పెద్ద కరవులో పొదుపుగా గడిపిందన్నమాట.

ఈ మార్పులకు ఆజ్ఞ ఎక్కడిదన్న ప్రశ్నకు జవాబు జన్యుశాస్త్రం నుంచి వచ్చింది. 1990లలో గ్రెగ్ సెమెంజా గుర్తించిన హిఫ్-1 అనే ప్రొటీను, ప్రాణవాయువు ఉన్నంతసేపూ నశిస్తూ, లేనప్పుడు నిలిచి, అనేక జన్యువులను మేల్కొలుపుతుంది. ఈ యంత్రాంగాన్ని విప్పినందుకు ఆయనకు, విలియం కెయిలిన్‌కు, పీటర్ రాట్‌క్లిఫ్‌కు 2019లో నోబెల్ బహుమతి లభించింది. అయితే హిఫ్-1 గ్లూకోజు శకలాలు మైటోకాండ్రియాలోకి పోకుండా అడ్డుపడే ఎంజైమును కూడా పెంచుతుందని 2006లో తేలింది. గ్లూకోజును పూర్తిగా దహించడం లాభమన్న పాత లెక్కతో ఇది సులభంగా పొసగదు. తాత్కాలిక కరవుకు, ఏళ్ల తరబడి సాగే కరవుకు గుండె ఒకే విధంగా స్పందించదని గ్రహిస్తేనే చిక్కు కొంత వీడుతుంది.

ఆ దీర్ఘకాలపు స్పందనను పీటర్ హొచాచ్కా బృందం హిమాలయాల షేర్పాలలో వెతికింది. వారి గుండెల్లో ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల నిష్పత్తి మైదానవాసుల్లో కంటే చాలా తక్కువగా, దాదాపు సగంగా ఉన్నట్టు 1996లో వెల్లడైంది. ఎవరెస్ట్ బేస్ క్యాంపు దాకా నడిచి వచ్చిన మైదానవాసుల్లోనూ ఆ నిష్పత్తి 18 శాతం తగ్గి, ఆరు నెలల్లో మామూలుకు వచ్చినట్టు 2011లో ప్రచురితమైన అధ్యయనం చూపింది. గుండె కండరం సాగి బలహీనపడిన రోగుల్లో మాత్రం ఇదే తగ్గుదల త్వరిత మరణానికి సూచిక అని 1997 నాటి పరిశోధన తెలిపింది. షేర్పా గుండెలో ఆరోగ్యంతో ఇమిడిపోయిన అంకె రోగి గుండెలో ప్రమాద సంకేతం కావడానికి కారణాన్ని నిష్పత్తిలో కాక, గుండె ఆ స్థితికి చేరిన మార్గంలో వెతకాలి.