ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఇన్‌ఫెక్షన్ సోకకుండా ఏం చేయాలి? డయాలసిస్ రోగులకు ఎందుకంత జాగ్రత్త?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ముదిరినవారికి ఆసుపత్రి రెండో ఇల్లు లాంటిది. డయాలసిస్ మొదలైతే వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి సుమారు నాలుగు గంటలు, ఏళ్ల తరబడి వెళ్లాల్సిందే. టెక్కలి, పలాస, సోంపేట, కవిటి వంటి చోట్ల డయాలసిస్ కేంద్రాలు, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి రావడంతో చికిత్స కొంత దగ్గరైంది. కానీ వెళ్లిన ప్రతిసారీ ఇన్‌ఫెక్షన్ ముప్పు ఉంటుంది. మీరు విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉంటూ ఊళ్లో అమ్మానాన్నల వైద్యం చూసుకుంటున్నా, ఆసుపత్రిలో మీవాళ్ల మంచం పక్కనే ఉన్నా ఈ విషయాలు తెలుసుకోండి.

ముప్పు ఎంత?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం, ఆసుపత్రుల్లో చేరే ప్రతి 100 మందిలో సంపన్న దేశాల్లో 7 మందికి, అల్ప, మధ్యాదాయ దేశాల్లో 15 మందికి అక్కడే కనీసం ఒక ఇన్‌ఫెక్షన్ సోకుతోంది. చేతుల శుభ్రత, ఇతర చౌకైన జాగ్రత్తలు పాటిస్తే వీటిలో 70 శాతం నివారించవచ్చని అదే నివేదిక చెబుతోంది.

క్రిములు ఎలా వస్తాయి?

ప్రధానంగా రెండు దారులు: చేతులు, శరీరంలోకి పెట్టే పైపులు. సెలైన్ సూది, యూరిన్ పైపు, డయాలసిస్ కోసం మెడ దగ్గర పెట్టే కాథెటర్ ఇవన్నీ చర్మం ఇచ్చే రక్షణను దాటి లోపలికి వెళ్తాయి. కిడ్నీ జబ్బు, షుగర్ ఉన్నవారిలో రోగనిరోధక శక్తి తక్కువ కాబట్టి వీరికి ముప్పు ఇంకా ఎక్కువ.

డయాలసిస్ రోగులు ఏం చూసుకోవాలి?

• మెడ కాథెటర్ కంటే చేతిలో చేసే ఫిస్టులాతో ఇన్‌ఫెక్షన్లు చాలా తక్కువ. అది వాడకానికి సిద్ధం కావడానికి కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలలు పడుతుంది. కాబట్టి డయాలసిస్ అవసరం పడకముందే డాక్టర్‌ను అడగండి.

• ఫిస్టులా ఉన్న చేతికి బీపీ చూడనివ్వకండి, రక్తం తీయనివ్వకండి, సెలైన్ పెట్టనివ్వకండి.

• కాథెటర్ ఉంటే దాన్ని మిషన్‌కు కలిపేటప్పుడు, తీసేటప్పుడు రోగీ, నర్సూ ఇద్దరూ మాస్క్ పెట్టుకోవాలి. స్నానంలో కట్టు తడవకూడదు. తడిస్తే వెంటనే మార్పించండి.

• హెపటైటిస్ బి టీకా వేయించారా? డయాలసిస్ రోగులకు సాధారణంగా రెట్టింపు మోతాదు ఇస్తారు. హెపటైటిస్ సికి టీకా లేదు, కానీ మాత్రలతో చాలామందికి నయమవుతుంది. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. ఈ పరీక్షలు నిర్ణీత కాలానికి ఒకసారి జరుగుతున్నాయా అని అడగండి.

• డయాలసిస్ మధ్యలో చలి, వణుకు, జ్వరం వస్తే ఇంటికెళ్లి చెబుదామని ఆగకండి. కాథెటర్ ద్వారా క్రిములు రక్తంలోకి చేరాయనడానికి అది సంకేతం కావచ్చు.

వార్డులో ఉన్నవారు?

• రోగిని తాకే ముందు, తాకిన తర్వాత చేతులు శుభ్రం చేసుకోవాలి. శానిటైజర్ అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బుతో అయితే 40 నుంచి 60 సెకన్లు. చేతులకు మురికి అంటినా, రోగికి విరేచనాలవుతున్నా సబ్బే వాడండి. గ్లోవ్స్ వేసుకున్నా చేతులు కడగాల్సిందే. ఒకరికి వాడిన గ్లోవ్స్‌తో ఇంకొకరిని తాకకూడదు.

• సెలైన్ సూది చుట్టూ ఎర్రబడినా, వాచినా, నొప్పి ఉన్నా సిస్టర్‌కు చెప్పండి.

• యూరిన్ సంచి నడుము కంటే కిందే ఉండాలి, నేలకు తగలకూడదు. ‘ఈ పైపు ఇంకా అవసరమా?’ అని రోజూ అడగండి. అవసరం తీరిన పైపు ఎంత త్వరగా తీస్తే అంత మంచిది.

• ఆపరేషన్‌కు ముందు ఇంట్లో బ్లేడుతో షేవ్ చేయకండి. చర్మంపై పడే చిన్న గాట్లలో క్రిములు చేరతాయి.

• జలుబు, దగ్గు, జ్వరం ఉన్న బంధువులను చూడ్డానికి రావద్దని చెప్పండి. వచ్చినవారిని మంచంపై కూర్చోనివ్వకండి.

• యాంటీబయాటిక్స్ రాయమని డాక్టర్‌పై ఒత్తిడి తేకండి. అనవసరంగా వాడితే మందులకు లొంగని క్రిములు పెరుగుతాయి.

అడిగితే ఏమనుకుంటారో?

‘సిస్టర్, చేతులు శుభ్రం చేసుకున్నారా అమ్మా?’ అని మర్యాదగా అడగడంలో తప్పు లేదు. వాడిన సూదులు బయట పడి ఉన్నా, రక్తం మరకలు తుడవకపోయినా వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్‌కు, అక్కడ పని జరగకపోతే సూపరింటెండెంట్‌కు రాసివ్వండి.

ఇంటికి వచ్చాక?

ఆపరేషన్ గాయానికి 30 రోజుల వరకు కూడా ఇన్‌ఫెక్షన్ సోకవచ్చు. చీము, దుర్వాసన, పెరిగే నొప్పి, జ్వరం కనిపిస్తే చికిత్స చేసిన ఆసుపత్రికే వెళ్లండి. ఆయాసం, మగత, అయోమయం తోడైతే వెంటనే 108కి ఫోన్ చేయండి.