సాంచా పని, నడుము నొప్పి: వ్యాయామం ఎంతవరకు మందు?

సూరత్ నగరంలోని లింబాయత్‌లో తెలుగు వినిపించే వీధులు చాలా ఉన్నాయి. కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి వలస వచ్చిన కుటుంబాలు, అందులో ఎక్కువగా పద్మశాలీలు, ఇక్కడి మరమగ్గాల మీద బతుకు నిలబెట్టుకున్నారు. సూరత్ మున్సిపల్ బడుల్లో తెలుగు మాధ్యమం ఉండటానికి ఇలాంటి కుటుంబాలే కారణం. సాంచాలని పిలిచే ఈ మరమగ్గాల మీద ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లలో నడుము గుంజుతున్నదనీ, మోకాళ్లు పట్టేస్తున్నాయనీ అనే మాట మామూలే. వ్యాయామం చెయ్యమని డాక్టరు చెప్పగానే వచ్చే ఎదురు ప్రశ్న కూడా మామూలే: "పన్నెండు గంటలు నిలబడి కష్టం చేసేటోనికి మళ్లా ఎక్సర్‌సైజ్ ఎందుకు సార్?"

ఈ ప్రశ్నను కొట్టిపారేయడానికి లేదు. నొప్పికి వ్యాయామం పనిచేస్తుందన్న ఆధారం ఎంత గట్టిదో, ఒళ్లు వంచి పనిచేసే మనిషికి అది ఎంతవరకు వర్తిస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

మూడు నెలలు దాటిన నొప్పి

మూడు నెలలకు పైగా ఉన్న నొప్పిని, లేదా ఆ కాలంలో మళ్లీమళ్లీ వచ్చే నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ, ఐసీడీ-11, దీనికి ప్రత్యేక స్థానం ఇచ్చింది. అంటే నొప్పి ఎప్పుడూ వేరే జబ్బుకు గుర్తు మాత్రమే కానక్కర్లేదు, కొన్నిసార్లు అదే జబ్బు. 2020లో ప్రపంచవ్యాప్తంగా 61.9 కోట్ల మంది నడుము నొప్పితో ఉన్నారనీ, 2050 నాటికి ఆ సంఖ్య 84.3 కోట్లకు చేరవచ్చనీ 2023లో లాన్సెట్ రుమటాలజీలో వచ్చిన అంచనా.

నొప్పి అనగానే ఎమ్మారై తీయించి, 'డిస్క్ అరిగింది' అన్న రిపోర్టు చూసి బెంబేలెత్తేవాళ్లు ఎక్కువ. 2015లో వెలువడిన ఒక సమీక్ష ఏ నొప్పీ లేని 3,110 మంది స్కాన్లను కలిపి చూసింది. ఇరవై ఏళ్ల వయసువాళ్లలోనే 37 శాతం మందికి, ఎనభై ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. కాబట్టి అరుగుదల ఉన్నంత మాత్రాన నొప్పికి అదే కారణమని తేల్చలేం.

అయితే కొన్ని లక్షణాలు ఉంటే ముందు డాక్టరు పరీక్షించాలి, వ్యాయామం ఆ తరువాతే. మలమూత్రాలు అదుపు తప్పడం, తొడల మధ్య తిమ్మిరి, కాలు రోజురోజుకీ బలహీనపడటం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, కిందపడిన తరువాత మొదలైన నొప్పి, గతంలో క్యాన్సర్ వచ్చి ఉండటం ఇందులోకి వస్తాయి. మన దేశంలో వెన్నెముకకు వచ్చే క్షయను కూడా మరచిపోకూడదు. సాయంత్రం జ్వరంతో, రాత్రిళ్లు నిద్రపోనివ్వని వెన్నునొప్పితో అది బయటపడవచ్చు.

ఖాతాలో ఏం జరుగుతుంది

మగ్గాల షెడ్డును ఇక్కడ ఖాతా అంటారు. ఒక్కొక్కరు పలు సాంచాలను చూసుకుంటారు. నాడెలో కండె అయిపోతే మార్చాలి. పడుగు పోగు తెగితే సాంచా ఆపి, మీదికి వంగి, తెగిన కొసను వెతికి, ముడివేసి, అచ్చు సందులోంచి లాగాలి. చేతులు ముందుకు చాచి, నడుము వంచి, కళ్లు సన్నని పోగు మీద నిలిపి ఉండే భంగిమ అది. ముడి పడేలోగా పక్క సాంచా ఆగుతుంది. కూలి మీటర్ల లెక్కన కాబట్టి ఆగిన ప్రతి నిమిషమూ కూలిలో కోతే. దీనికి తోడు నేసిన తానులు దించడం, బీములు జరపడం ఉంటాయి.

ఇళ్లలో ఆడవాళ్లు చీరలకు దారాలు కత్తిరించే పని, రాళ్లు అంటించే పని చేస్తారు. చీర ఒళ్లో పెట్టుకుని, నేల మీద మఠం వేసుకుని, మెడ వంచి గంటలకొద్దీ కూర్చోవాలి. ఇక్కడ భారం బరువు ఎత్తడం వల్ల రాదు, కదలకుండా ఉండటం వల్ల వస్తుంది.

ఎక్కువసేపు నిలబడటం గురించి 2017లో ఒక సమీక్ష ప్రయోగశాలల్లో జరిగిన అధ్యయనాలను పరిశీలించింది. సగటున 71 నిమిషాల నిలుపు తరువాత నడుములో చెప్పుకోదగ్గ నొప్పి మొదలైంది. నొప్పి తేలిగ్గా వచ్చే స్వభావం ఉన్నవాళ్లలో అది 42 నిమిషాలకే కనిపించింది. సాంచాల మధ్య అటూఇటూ తిరిగే మనిషికి ఈ అంకెలు యథాతథంగా సరిపోవు. కానీ విరామానికీ విరామానికీ మధ్య ఎడం గంటల్లో కాక నిమిషాల్లో ఉండాలన్న సూచన మాత్రం వాటిలో ఉంది.

వ్యాయామానికి ఉన్న ఆధారం

దీర్ఘకాలిక నడుము నొప్పికి వ్యాయామంపై 2021లో కాక్రేన్ సంస్థ ప్రచురించిన సమీక్షలో 249 ప్రయోగాలు, 24 వేల మందికి పైగా రోగులు ఉన్నారు. ఏ చికిత్సా లేనివాళ్లతో, మామూలు చికిత్స పొందినవాళ్లతో పోలిస్తే, వ్యాయామం చేసినవాళ్లలో నొప్పి వంద పాయింట్ల కొలతలో సగటున 15 పాయింట్లు తగ్గింది. రోగికి తేడా తెలియాలంటే కనీసం అంత తగ్గాలని పరిశోధకులు పెట్టుకున్న హద్దు కూడా 15. రోజువారీ పనులు చేసుకోగలగడంలో మెరుగు 7 పాయింట్ల దగ్గరే ఆగింది. అక్కడ హద్దు 10. పైగా తాను వ్యాయామం చేస్తున్న సంగతి రోగికి తెలియకుండా ప్రయోగం జరపడం కుదరదు కనుక, ఫలితం కొంత ఎక్కువగా కనిపించే అవకాశమూ ఉంది. మొత్తం మీద వ్యాయామం వల్ల మేలు ఉంది, అది మధ్యస్థంగా ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో విడుదల చేసిన మార్గదర్శకాలు 37 రకాల పద్ధతులను బేరీజు వేశాయి. రోగికి అవగాహన కల్పించడం, క్రమబద్ధమైన వ్యాయామం, మసాజు వంటి కొన్ని చేతి చికిత్సలు, ఆలోచనా విధానం మీద పనిచేసే మానసిక చికిత్సలను సిఫారసు చేశాయి. నడుము బెల్టు, వెన్ను సాగదీసే ట్రాక్షన్, అల్ట్రాసౌండ్, కరెంటు పెట్టే టెన్స్ యంత్రం వద్దన్నాయి. ఫిజియోథెరపీ అంటే 'కరెంటు పెట్టించుకోవడం' అనే అభిప్రాయం మనలో పాతుకుపోయింది. మంచం మీద పడుకుని యంత్రం పెట్టించుకుని వచ్చేసే చికిత్సకన్నా, రోగి తాను నేర్చుకుని చేసే వ్యాయామానికే ఆధారం ఎక్కువ.

యోగాకూ ఆధారం ఉంది. బెంగళూరులోని ఎస్-వ్యాస సంస్థ 2008లో ప్రచురించిన ప్రయోగంలో 80 మంది వారం రోజులు అక్కడే ఉండి చికిత్స పొందారు. యోగా చేసినవాళ్లలో ఇబ్బంది ఎక్కువగా తగ్గింది. మీటరు కూలి మీద బతికే మనిషి వారం పని మాని ఆశ్రమంలో ఉండగలడా అన్నది వేరే ప్రశ్న.

పనీ వ్యాయామమూ ఒకటేనా?

ఒకటి కాదని చెప్పడానికి ఆధారాలు ఉన్నాయి. కోపెన్‌హాగన్‌లో లక్షకు పైగా జనం మీద జరిగిన, 2021లో వెలువడిన అధ్యయనంలో తీరిక వేళ శ్రమ గుండెజబ్బు ముప్పు తగ్గడంతోనూ, ఉద్యోగంలోని భారీ శ్రమ అది పెరగడంతోనూ కలిసి కనిపించాయి. అది గుండె గురించి, నొప్పి గురించి కాదు. కారణం ఇదేనని అలాంటి అధ్యయనం రుజువు చేయదు కూడా. అయినా శ్రమలన్నీ ఒంటికి ఒకేలా పనిచేయవన్న మాటకు అది బలం.

మన ప్రశ్నకు ఇంకా దగ్గరిది డెన్మార్క్ కబేళా కార్మికుల మీద 2014లో వచ్చిన ప్రయోగం. చేతులు, భుజాల్లో దీర్ఘకాలిక నొప్పి ఉన్న 66 మందిలో సగం మంది వారానికి మూడుసార్లు, పది నిమిషాల చొప్పున, పది వారాలు కండరాల బలం పెంచే వ్యాయామం చేశారు. మిగతావాళ్లకు పని భంగిమలపై శిక్షణ ఇచ్చారు. వ్యాయామం చేసినవాళ్లలో నొప్పి పది పాయింట్ల కొలతలో సుమారు ఒకటిన్నర పాయింట్లు అదనంగా తగ్గింది. రోజంతా చేతులతో కష్టపడేవాళ్లకే వ్యాయామం పనికొచ్చిందన్నది ఇక్కడ గమనించాలి. వ్యాయామంలో బరువు కొద్దికొద్దిగా పెరుగుతుంది, మధ్యలో విశ్రాంతి ఉంటుంది, ఎప్పుడు ఆపాలో చేసేవాడి చేతిలో ఉంటుంది. సాంచా దగ్గర ఈ మూడూ ఉండవు.

డెన్మార్క్‌లోనే 2015లో 200 మంది మహిళా ఆస్పత్రి ఉద్యోగుల మీద జరిగిన ప్రయోగంలో, అదే పది నిమిషాల వ్యాయామం ఇంట్లో కన్నా పనిచోట, పని వేళల్లో చేసినప్పుడు నొప్పి ఎక్కువ తగ్గింది. రెండు ప్రయోగాలూ చిన్నవి, మనకు దూరమైన చోట జరిగినవి. కానీ రెండూ ఒకే వైపు చూపిస్తున్నాయి.

నడక, నిద్ర, పొగాకు, మాత్ర

ఆస్ట్రేలియాలో 701 మందితో జరిగి 2024లో లాన్సెట్‌లో వచ్చిన ప్రయోగంలో, క్రమంగా పెంచుతూ నడిచినవాళ్లకు నడుము నొప్పి తిరగబెట్టడానికి మధ్యస్థంగా 208 రోజులు పట్టింది. నడక కార్యక్రమం లేనివాళ్లకు 112 రోజులు. వీళ్లంతా అప్పటికే నొప్పి తగ్గినవాళ్లు. కాబట్టి ఇది తిరగబెట్టకుండా చూసుకునే ఉపాయంగానే నిరూపితం.

నిద్ర చాలకపోతే నొప్పి ఎక్కువ తెలుస్తుంది, నొప్పి ఉంటే నిద్ర పట్టదు. రాత్రి పాళీ చేసి పగలు ఇరుకు గదిలో పడుకునేవాళ్లు ఈ రెంటి మధ్య నలుగుతారు. పొగతాగేవాళ్లలో నడుము నొప్పి కొంత ఎక్కువని సమీక్షలు చెబుతున్నాయి. ఇక మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫినాక్ వంటి మాత్రలు నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు, కిడ్నీ దెబ్బ, బీపీ పెరుగుదల పొంచి ఉంటాయి.

ఆచరణలో

లింబాయత్‌కు అందుబాటులో ఉమర్‌వాడాలోని కార్పొరేషన్ ఆస్పత్రి స్మిమర్, మజూరా గేటు దగ్గరి న్యూ సివిల్ ఆస్పత్రి ఉన్నాయి. వెళ్లినవాళ్లు యంత్రం కోసం కాక, ఇంట్లో చేసుకోదగ్గ మూడు నాలుగు వ్యాయామాలు నేర్పమని అడగడం మేలు. మొదట్లో నొప్పి కాస్త పెరిగినా మర్నాటికి సర్దుకుంటే సాధారణంగా కొనసాగించవచ్చు. పెరిగిన నొప్పి మర్నాటికీ తగ్గకపోతే మోతాదు తగ్గించాలి. ఫలితం కోసం వారాలు ఆగాలి, రోజుల్లో తేలదు.

అయితే భారం అంతా కార్మికుడి మీదే వేయడం ఆధారాలకు తగదు. నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షనే చెప్పింది. ఖాతాలో ఒక స్టూలు, పాళీ మధ్యలో పది నిమిషాల విరామం పెద్ద ఖర్చు కావు. మీటరు కూలిలో ఆ పది నిమిషాలకు డబ్బు ఎవరు కట్టాలన్నదే అసలు చిక్కు. అది తేలేదాకా, వ్యాయామం చెయ్యమని కార్మికుడికి చెప్పే సలహా శాస్త్రపరంగా సరైనదే అయినా సగం సలహాగానే మిగులుతుంది.