చెరసాలలో పది తెగలు

నేరప్రవృత్తి దేహముననే గుర్తింపదగునను నమ్మకము ప్రాచీనమైనదే గాని, దానికి శాస్త్రగౌరవము కల్పించినవాడు ఇటలీ వైద్యుడు లోంబ్రోసో. ఒక ఖైదీ కపాలమున వెనుకవైపు గుంటను గాంచి, జన్మతః నేరస్థులగువారు ఆదిమమానవుని పోలికలతో పుట్టుదురని 1876లో వెలువరించిన గ్రంథమున నాతడు వాదించెను. మన దేశమున నంతపాటి కొలతలును అక్కరలేకపోయినవి. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టము 1911లో మదరాసు రాజధానికి వ్యాపింపగా, కులమే సాక్ష్యమై, ఎరుకలవారు పోలీసు రిజిస్టరున కెక్కి, బాపట్ల చెంతనున్న స్టువర్టుపురము వంటి సెటిల్‌మెంట్లలో హాజరు పలుకవలసివచ్చెను.

అమెరికాలో కపాలమునకు బదులు ప్రశ్నాపత్రము వచ్చినది. మిన్నెసోటా విశ్వవిద్యాలయమున హాథవే, మెకిన్లీ అనువారు మనోరోగనిర్ణయమునకై కూర్చి 1943లో ప్రకటించిన ప్రశ్నావళిలో ఐదువందలకు పైగా వాక్యములుండెను. ఒక్కొక్కదానికి ఔననియో కాదనియో గుర్తు పెట్టవలెను. ఆరోగ్యవంతుల ప్రమాణమునకై వారు ముఖ్యముగ నాశ్రయించినది ఆసుపత్రిలో రోగులను చూడవచ్చిన బంధుమిత్రులను! ఆ వాక్యములలో కొన్ని వలలవంటివి: తనకెన్నడును కోపము రాలేదని, ఎన్నడును బొంకలేదని ధీమాగా గుర్తుపెట్టువాని సాధుత్వమును ‘ఎల్’ అను కొలమానము పట్టియిచ్చును.

1970వ దశకమున మనస్తత్వశాస్త్రజ్ఞుడు ఎడ్విన్ మెగార్గీ ఈ ప్రశ్నావళినే ఫ్లారిడాలోని టాలహాసీ ఫెడరల్ కారాగారమునకు గొనిపోయెను. అచ్చటి యువఖైదీల సమాధానములకు ఇట్టి కొలమానములు చూపిన అంకెలతో గీసిన రేఖాచిత్రములను, వారు చేసిన నేరమేమో చూడక, కేవలము ఆకారసామ్యమును బట్టియే కంప్యూటరు సాయమున గుంపులుగ చేర్చి, పిదపనే వారి బాల్యము, చదువు, చెరలోని నడవడి పరిశీలించెను. గుంపులు పది. వానికి క్రూరులు, వంచకులు అని బిరుదులీయక, చాలవరకు సైనికుల రేడియో అక్షరమాలనుండి ఏబుల్, బేకర్, చార్లీ మొదలగు నిరర్థకనామముల నెరువు తెచ్చుట నా దృష్టిలో నీ పద్ధతికెల్ల మేలైన యంశము; పేరు చూచియే జైలరు లాఠీ బిగింపకుండుట యల్పవిషయమా? ‘ఐటమ్’ తెగవారు ఇంచుమించు సాధారణ జనులే. ‘హౌ’ తెగవారు మనఃక్షోభచే నలిగినవారు. ‘ఫాక్స్‌ట్రాట్’ వారు కరకువారు, సంఘవిరోధులు.

ఈ తెగలను బట్టి, దౌర్జన్యమునకు పూనుకొనువారిని, దానికి బలియగువారిని వేర్వేరు వసతులలో నుంచగా నా కారాగారమున తీవ్రమైన దాడులు తగ్గినవని మెగార్గీ సహచరుడు బోన్ ప్రకటించెను. 1979లో వారిరువురు ఈ పద్ధతిని గూర్చి గ్రంథము వెలువరించిరి. అయితే కొన్ని మాసముల పిమ్మట మరల పరీక్షింపగా, పలువురు ఖైదీలు మొదటి తెగను విడిచి వేరొకదానిలో తేలుచుండిరి. కొందరు పండితులు దీనిని కొలబద్ద లోపమనిరి; మనిషి మారును గనుక పరీక్షయు మరల జరుపవలెనని మెగార్గీ పక్షము.