డబ్లిను చదువు, బొబ్బిలి పరీక్ష

మన ఉత్తరాంధ్ర తీరమునుండి సముద్రము దాటి చదువులకు పోయిన తొలితరము యువకుల చరిత్రను వ్రాయబూనువారు సాధారణముగా వారు గడించిన పట్టములను, పిదప అధిష్ఠించిన పదవులను వరుసగా పేర్కొని తృప్తి చెందుచుందురు. ఆ నడుమ వారి మనస్సున కలిగిన మార్పు ఎట్టిదో, పరదేశమున కన్నదియు విన్నదియు వారిని ఎట్లు తీర్చిదిద్దినదో విచారించుట అరుదు. వరాహగిరి వేంకటగిరిగారి విషయమున ఈ కొఱత నాకు మిక్కిలి బాధ కలిగించును; ఏలయన, డబ్లిను నగరమున ఆయన గడపిన మూడేండ్లను తీసివేసినచో, బొబ్బిలిలోను పాతపట్నములోను పార్వతీపురములోను ఆయన నడిపిన రాజకీయ జీవితమునకు మూలమే కానరాదు.

గిరిగారు 1894 ఆగస్టు 10వ తేదీన బరంపురమున జన్మించిరి. ఆ పట్టణము అప్పుడు మదరాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందినది. శ్రీకాకుళమును ఆ జిల్లాలోనిదే. 1936లో ఒడిశా రాష్ట్రమేర్పడి నడుమ ఎల్ల గీయబడువరకు ఇచ్ఛాపురమువారికి బరంపురము పరాయి ఊరు కాదు. తండ్రి జోగయ్య పంతులుగారు పేరుపొందిన న్యాయవాది, కాంగ్రెసువాది. అట్టి ఇంట పుట్టిన బిడ్డ సీమకు పోయి బారిస్టరగుట ఆ కాలమున సహజమైన ఆశయము. 1913లో గిరిగారు ఐర్లండు చేరి, కింగ్స్ ఇన్స్‌లో న్యాయశాస్త్రమును, డబ్లిను యూనివర్సిటీ కాలేజిలో ఆంగ్లసాహిత్యాదులను అభ్యసింప మొదలిడిరి.

ఆయన అడుగిడిన సంవత్సరము సామాన్యమైనది కాదు. జేమ్స్ లార్కిన్ అను నాయకుడు స్థాపించిన కార్మికసంఘమున చేరియుండినవారికి పని లేదని, ట్రాము కంపెనీ యజమాని విలియం మార్టిన్ మర్ఫీ పట్టుపట్టగా, తక్కిన యజమానులు ఆయనతో చేయి కలిపి, సంఘమున చేరబోమని వ్రాసి సంతకము చేయుడని కూలివాండ్రను నిర్బంధించిరి. చేయనివారికి ఫ్యాక్టరీల తలుపులు మూయబడెను. 1913 ఆగస్టునుండి మరుసటి యేటి ప్రారంభమువరకు సుమారు 20,000 మంది పనిలేక, కూలిలేక, ఒకే గదిలో రెండు మూడు కుటుంబములు తలదాచుకొను ఇండ్లలో ఆకలితో మలమల మాడిరి. తుదకు కూలివాండ్రే ఓడి, ఎవరికి తోచిన నిబంధనలకు వారు తలయొగ్గి పనిలో చేరిరి. పంతొమ్మిదేండ్ల యువకుడు, అందును పరతంత్రదేశమునుండి వచ్చినవాడు, ఇట్టి నగరమున న్యాయశాస్త్ర గ్రంథములు తిరగవేయుచు కూర్చుండినచో ఆ గ్రంథములలోని న్యాయమునకును వీథిలోని న్యాయమునకును గల అంతరము ఆతని కంటబడకపోదు. యజమానులును కార్మికులును ఒకే బల్లకు ఇరువైపుల కూర్చుండి మాటలాడుకొననిచో నగరము నగరమే ఎట్లు నశించునో డబ్లిను చూపినంత స్పష్టముగా ఏ పుస్తకమును చూపజాలదు. నేడు విజయనగరమునుండి, రాజామునుండి వ్యాపారనిర్వహణము చదువుటకై విదేశములకేగు మన బిడ్డలు ఈ 1913వ సంవత్సరపు కథను శ్రద్ధతో చదువవలెనని నేను మనఃపూర్వకముగా కోరుదును. వారు రేపు కూర్చుండబోవు కుర్చీ మర్ఫీగారు కూర్చుండిన కుర్చీయే.

యూనివర్సిటీ కాలేజిలో ఆంగ్లము బోధించుచుండినవారిలో టామస్ మక్డొనా అను కవి యొకరు. 1916 ఏప్రిల్ నెలలో ఐర్లండు స్వాతంత్ర్యమునకై తిరుగుబాటు జరిగినపుడు ప్రకటనపత్రముపై సంతకము చేసిన ఏడుగురిలో ఆయన యొకడు. మే 3వ తేదీన ఆయనను కాల్చివేసిరి. పాఠము చెప్పిన గురువు ఈ విధముగా ప్రాణములర్పించుటను చూచిన శిష్యుని హృదయమున ఏమి జరిగియుండునో ఊహించుట కష్టము కాదు. ఇంతకు ముందే, దక్షిణాఫ్రికాలో భారతీయులు పడుచుండిన బాధలనుగూర్చి డబ్లినులోని భారతీయ విద్యార్థులు ప్రచురించిన కరపత్రము ప్రభుత్వమువారి కంటబడి, వారిపై పోలీసు నిఘా ఏర్పడియుండెను. 1914లో లండనులో గాంధీగారిని గిరిగారు కలిసికొనిరి. మొదటి ప్రపంచయుద్ధ సహాయమునకై రెడ్‌క్రాస్ సేవలో చేరుమని గాంధీగారు కోరగా మొదట అంగీకరించి, పిదప మనసొప్పక ఆ మాటను వెనుకకు తీసికొనిరి. పెద్దవారి యెదుట ఇట్లు తన మనసు విప్పిచెప్పగలుగుట ఇరువదేండ్లవానికి సామాన్యమైన ధైర్యము కాదని నేను తలచెదను. 1916 జూన్ 21న బారిస్టరు పట్టము చేతికి వచ్చినది. జూలై 1లోగా దేశము విడిచిపొమ్మని ఆజ్ఞయు వచ్చినది.

మదరాసు హైకోర్టులో ఆయన న్యాయవాదవృత్తి ఎంతోకాలము సాగలేదు. 1920లో సహాయనిరాకరణమునకై దానిని వదలిరి. పిమ్మట ఆయన పని రైల్వే కార్మికులలో. విజయనగరముమీదుగా పోవు రైలుమార్గము నాడు బెంగాల్ నాగపూర్ రైల్వేవారిది. ఆ కంపెనీ కార్మికుల సంఘమునకు గిరిగారు నాయకత్వము వహించి, పనినుండి తొలగింపబడినవారికై 1928లో శాంతియుతముగా సమ్మె నడిపించి, కంపెనీచే కోరికలంగీకరింపజేసిరి. డబ్లినులో ఓడిన పోరు ఈ రైల్వేలో గెలిచినదనవచ్చును.

ఇక బొబ్బిలి. 1757 యుద్ధమునాటినుండి ఆ పేరు వినినంతనే మనవారికి రోమాంచము కలుగును. విజయనగరమువాడనైనను నాకును కలుగును. అట్టి సంస్థానమునకు అధిపతియు, 1932నుండి మదరాసు రాష్ట్రమునకు ప్రధానమంత్రియు, జస్టిసు పార్టీ నాయకుడును, స్వయముగా సమర్థుడును అగు రాజా రామకృష్ణ రంగారావు బహద్దరుగారిపై, ఆయన సొంతగడ్డయగు బొబ్బిలిలోనే 1937 ఎన్నికలలో గిరిగారు కాంగ్రెసు అభ్యర్థిగా నిలిచిరి. ఓటు నాడు అందఱికి లేదు. ఆస్తియో పన్నో చదువో కలవారికి మాత్రమే కలదు. వారిలో పెక్కురు జమీందారీ నీడన బ్రదుకువారు. అయినను గిరిగారు గెలిచిరి. రాజాజీ మంత్రివర్గమున కార్మిక, పరిశ్రమల శాఖలు ఆయనకు లభించెను. ఈ విజయమును కేవలము కాంగ్రెసు గాలికి ఆపాదించువారు కలరు. గాలి నిజమే, కాని రాజుగారి కోటకెదురుగా నిలిచి ఓటడుగు మనఃస్థైర్యము గాలివలన రాదు.

1952లో పాతపట్నమునుండి లోక్‌సభకు ఎన్నికై నెహ్రూగారి ప్రభుత్వమున కార్మికమంత్రియైరి. తగవులను కోర్టులకు, ట్రిబ్యునళ్ళకు ఈడ్చుటకంటె యజమానులును కార్మికులును తమలో తాము మాటలాడుకొని తీర్చుకొనుటయే మేలని ఆయన వాదించిరి. ఈ విధానమునకే గిరి పద్ధతియని పేరు వచ్చినది. బారిస్టరు చదివినవాడు కోర్టును ఆఖరి మెట్టుగా నుంచుట విశేషము. ఇది డబ్లిను వీథులలో నేర్చిన పాఠమని నా నమ్మకము. బ్యాంకు ఉద్యోగుల జీతములనుగూర్చి ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును 1954లో ప్రభుత్వము మార్చగా, ఆయన మంత్రిపదవికి రాజీనామా చేసిరి.

1957లో పార్వతీపురమున ఓడిరి. అది ద్విసభ్య నియోజకవర్గము. ఒకటి సాధారణ స్థానము, మఱియొకటి షెడ్యూల్డు తెగలకు ప్రత్యేకింపబడినది. గిరిజన అభ్యర్థులుగా నామినేషను వేసిన ఇరువురే అధికముగా ఓట్లు పొంది, రెండు స్థానములను గెలుచుకొనిరి. సాధారణ స్థానము డిప్పల సూరిదొరగారికి దక్కెను. ఇది చెల్లదని గిరిగారు సుప్రీంకోర్టువరకు పోయిరి. గిరిజనుడు సాధారణ స్థానమునకును అర్హుడే యని 1959లో ఆ న్యాయస్థానము తీర్పు చెప్పి, గిరిగారి అప్పీలును త్రోసివేసెను. రెండేండ్లకు పార్లమెంటు చట్టము చేసి ద్విసభ్య నియోజకవర్గములనే రద్దుపఱచెను.