అడ్డసరము - కాసౌషధ చరిత్ర

తెలుగునాట కంచెల వెంట పెరుగు పొదలలో అడ్డసరము ఒకటి. ఱొమ్మున కఫము పేరుకొని దగ్గు వదలనప్పుడు దీని ఆకురసమును తేనెతో నాకించుటయు, మిరియములు, పిప్పళ్లు చేర్చి కషాయము కాచి యిచ్చుటయు మన యిండ్లలో చిరకాలముగా నున్న యాచారము. ఈ యాచారమునకు ఆధునిక శాస్త్రము ఎంతవరకు సాక్ష్యమిచ్చుచున్నది? ప్రశ్న వైద్యులదే యైనను, సమాధానములో కొంత భాగము గ్రంథచరిత్రకు చెందినది.

సంస్కృతమున దీనికి వాస, వృష, ఆటరూషక, సింహాస్య మున్నగు పర్యాయపదములు కలవు. తమిళమున దీనిని ఆడాతొడై యందురు. మేక ముట్టనిది యని దానికి అర్థము చెప్పుదురు. చేదే యందులకు కారణము. ఆ దక్షిణదేశపు పేరే లాటిను రూపము దాల్చి, 1753లో లినేయసు ఈ మొక్కకు పెట్టిన 'జస్టీషియా అధతోడ' యను నామమున నిలిచినది.

మన ప్రాచీనులు మొదటినుండియు దీనిని దగ్గుమందుగానే యెంచిరని పలువురు వ్రాయుదురు. ఈ మాటను సవరింపవలసియున్నది. చరకసంహిత సూత్రస్థానమున కాసహరములని పేర్కొన్న పది ద్రవ్యములలో పిప్పలి కలదు, కంటకారి, అనగా మన వాకుడు, కలదు, వాస లేదు. శ్వాసహర దశకమున తులసి కలదు. అచ్చటను వాస లేదు. చరకమున వాసకు ముఖ్యస్థానము రక్తపిత్త చికిత్సయందు. 16వ శతాబ్దివాడగు భావమిశ్రుని నాటికి కాసము, శ్వాసము, క్షయము దీని గుణవర్ణనలో స్పష్టముగా చేరినవి. రక్తము పడు దగ్గు ఈ రెండు రోగములకు నడుమ వంతెన యైయుండునని ఊహింపవచ్చును.

ఇక రసాయన పరిశోధన. ఉదకమండలమున ప్రభుత్వ రసాయనజ్ఞుడుగా నుండిన డేవిడ్ హూపరు 1888లో ఈ ఆకులనుండి ఒక క్షారద్రవ్యమును తీసి దానికి 'వాసిసీను' అని పేరిడెను. పారసీక దేశమున ధూపము వేయు హర్మల్ మొక్కలోని పెగనీనును ఇదియు నొకటే యని 1930ల దశకమున తేలినది. 1959లో వాసిసినోను అను సంబంధిత ద్రవ్యము శ్వాసనాళములను విప్పునని ప్రకటింపబడెను. 1962లో మఱియొక పరిశోధకబృందము, ఈ రెండును పరస్పర విరుద్ధముగా పనిచేయునని, వాసిసీను నాళములను ముడుచుననియు తెలిపెను. తరువాతివారు దీనిని అంగీకరింపలేదు. ఒకే ఆకులోని రెండు ద్రవ్యముల విషయమున ఇంత వివాదము గలిగినప్పుడు కషాయము సంగతి సులభముగా తేలునది కాదు.

వాసిసీను అణువును ఆదర్శముగా గొని జర్మనీలో కృత్రిమముగా నిర్మింపబడిన బ్రోంహెక్సీను 1963లో వాడుకలోనికి వచ్చెను. ఇది చిక్కని కఫమును పలుచబఱచును. శరీరమున దాని పరిణామరూపమైన ఆంబ్రోక్సాలు తరువాత ప్రత్యేకౌషధమాయెను. నేడు దగ్గుకు వాడు అనేక సిరపులలో ఈ రెండింటిలో నొకటి కానవచ్చును.

దీనినిబట్టి అడ్డసరపు కషాయము నిరూపితమైనదని చెప్పవచ్చునా? చెప్పరాదు. మొక్కనుండి పుట్టిన ఊహ వేఱు, మొక్క వేఱు. కఫమును కరగించు మందులు దీర్ఘకాలిక శ్వాసనాళ శోథలో తీవ్రతలను కొంత తగ్గించునని పరీక్షలు తెలిపినవి; అవి తరువాతి యౌషధములపై జరిగినవేకాని ఆకురసముపై కాదు. పైగా వాసిసీనుకు గర్భాశయమును సంకోచింపజేయు గుణము కలదని 1970ల దశకమున జమ్మూలో జరిగిన పరిశోధనలు చూపినవి. కావున గర్భిణులకు దీనిని ఇయ్యరాదు.

సంప్రదాయము సరియైన మొక్కను చూపినది. మోతాదును, అపాయమును, కార్యక్రమమును తేల్చుట పరిశోధనాగారము పని. చరకమున లేని మాటను చరకునికి అంటగట్టి సంప్రదాయమును పెద్దచేయుట దానికి మేలు గాదు. ఏ గుణము ఏ గ్రంథమున, ఏ కాలమున మొదట చేరినదో వైద్యగ్రంథములనుండి వరుసగా తేల్చుట భాషాపరిశోధకులు చేయదగిన సేవ.